పడవకు ఉప్పునీళ్ళు

మా దుయొంగ్ దీవిలో దెరామన్‌ను అందరూ పాక్ సు అంటారు, చిన్నాన్న అని. మ్యూజియం వెనక పాకలో దిమ్మెల మీద నిలబెట్టిన పాత తెరచాప పడవకు ఆయనే కాపరి. వయసులో ఉండగా ఆ పడవ మీదే సయాం రేవుల నుంచి ఉప్పు మోసుకొచ్చాడు. ఉప్పు మోసినన్నాళ్ళూ దాని చెక్కకు పుచ్చు తెలియదు. ఒడ్డెక్కాకే రోగాలు మొదలయ్యాయి. ఎండకు పలకలు విచ్చుకుంటాయి. వాననీరు దిగితే మెత్తబడి పుచ్చిపోతాయి. అందుకని రోజూ సముద్రపు నీళ్ళతో దాని ఒళ్ళంతా తడపాలి. జల్లు కొడితే, వెలిశాక మళ్ళీ తడపాలి.

వానల నెలల్లో ఈ పని మనిషిని నమిలేస్తుంది. ఏరు పొంగి, రేవులో నీళ్ళు చప్పబడిపోతాయి. పోటు వేళ చూసుకుని, తోపుడుబండి మీద పీపా పెట్టుకుని ఏరు సముద్రంలో కలిసే మొగ దాకా పోవాలి. అక్కడ పాక్ సు నీళ్ళు నాలుక మీద వేసుకుని చూసి, చాలినంత ఉప్పుంటేనే ముంచుకునేవాడు.

ఆ యేడు ఆయన నమాజుకు కుర్చీ వేసుకున్నాడు. మోకాళ్ళు వంగలేదు. మా చిన్న మసీదులో అది గమనించనివాళ్ళు లేరు. అజాన్ ఇచ్చే జుసో తాత, మా మాటలో తొక్ జుసో, నలుగురినీ కూడగట్టి, నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూ తొట్టి నుంచి పడవ పాక దాకా గొట్టం వేయించాడు.

"పాక్ సు, ఇంక ఆ బండి తోసే పని లేదు. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక మేమే కడుగుతాం. నువ్వు కూర్చుని కాఫీ తాగు."

పాక్ సు నోరు తెరిచాడు. జుసో మోచేతుల దాకా అంటిన బురదను చూశాడు. "అల్లా మీకు మేలు చెయ్యాలి," అన్నాడు.

ఇంట్లో ఆయన భార్య సెలామా బుడు అనే చేపల ఊట కోసం జాడీలో చిన్నచేపలూ ఉప్పూ కలిపి కూరుతోంది.

"మంచినీళ్ళు పడవకి చేటని చెప్పావా?"

"ఎట్లా చెప్పేది? నడుం పట్టుకుని మరీ గొట్టం పూడ్చాడు ఆ ముసలాయన."

"అయితే పడవ పుచ్చనీ."

"పుచ్చనివ్వను."

"ఓహో. నువ్వు పుచ్చుతావన్నమాట!"

అన్నంత పనీ అయింది. సాయంత్రం వాళ్ళు మంచినీళ్ళతో కడిగేవారు. ఆ చప్పదనం వదలాలంటే ఉప్పునీళ్ళు రెట్టింపు కావాలి. తెల్లవారి నమాజు కాగానే పాక్ సు ఒకటికి రెండు పీపాలు తెచ్చేవాడు. తిట్టుకుంటూనే సెలామా బండి వెనక నుంచి తోసేది. ఆయన పగలంతా పాకలో కునుకుపాట్లు పడుతుంటే, సాయం అందింది కదా, సుఖపడుతున్నాడని మేం సంతోషించాం.

ఒకనాడు జుసో గొట్టం పట్టుకోబోతూ పలక మీద చెయ్యి వేశాడు. అరచేతికి తెల్లగా అంటింది. నాకి చూశాడు.

"మేం రోజూ కడిగే పడవకి ఈ ఉప్పెక్కడిది, పాక్ సు?"

"సముద్రపు గాలి కదా తొక్..."

కాఫీ తెచ్చిన సెలామా ఇక ఆగలేకపోయింది. "గాలికి పీపాలు మోసే చేతులున్నాయా? అడగండి తొక్, తెల్లారి ఎక్కడికి పోతున్నాడో!" అని అంతా చెప్పేసింది.

జుసో ముఖం చిన్నబోయింది. "సాయం అనుకుంటూ నీ నడుం విరగ్గొట్టామా? ఒక్క మాట అంటే ఏం పోయేది?"

"వజూ నీళ్ళు పెట్టారు తొక్. వద్దని ఏ నోటితో అనను?"

జుసో గొట్టం ఊడదీసి చుట్ట చుట్టి భుజాన వేసుకున్నాడు.

మర్నాడు తెల్లవారి నమాజు అయ్యాక బండి రెండో పిడిని జుసో పట్టుకున్నాడు. ఆయనకూ ఊపిరి చాలదు. మొగ దగ్గర నీళ్ళు నాలుక మీద వేసుకుని ముఖం ముడిచాడు.

"ఈ ఉప్పు చాలుతుందా?"

"సెలామా బుడుకి చాలదు గానీ, పడవకి చాలు."

ఆగుతూ ఆగుతూ పీపా లాక్కొచ్చారు. పలకలన్నీ తడిపి చివరి చెంబు పోస్తుండగా ఈశాన్యం నుంచి జల్లు పాకలోకి ఏటవాలుగా కొట్టింది.

"అయ్యో, ఇప్పుడే కదా పోశాం!" అన్నాడు జుసో.

పాక్ సు ఖాళీ పీపాను బోర్లించి దాని మీద కూర్చున్నాడు. "వెలిశాక మళ్ళీ పోద్దాం. ముందు కూర్చోండి తొక్," అని పక్కకు జరిగి చోటిచ్చాడు.

వాన అసర్ దాకా వెలవలేదు.