బస్సు తాగని మంచినీళ్ళు

ఇరవై ఏళ్ళ కిందట మా చెల్లెలు సుగుణ పెళ్ళి పందిట్లో, పెళ్ళికొడుకు పెదనాన్న శేషయ్య నలుగురి ముందూ మాట ఇచ్చాడు: “మీ పిల్ల మంచినీళ్ళకు ఊరు దాటి పోయే పనిలేదు. ఇంటెదురుగానే బావి తవ్విస్తా.” బావి తవ్వించాడు. మంచినీళ్ళు మాత్రం పడలేదు. మొన్న సుగుణ ఉత్తరం రాసింది: మోకాళ్ళు బిగుసుకుపోయాయట, పిల్లల పళ్ళ మీద పసుపు చారలట. నీళ్ళ గురించి నేను చదివినన్ని పుస్తకాలు ఆ చుట్టుపక్కల ఎవడూ చదివి ఉండడు. ఖాళీ సీసా ఒకటి సంచిలో వేసుకుని బయలుదేరాను.

దొరవారిసత్రం వెళ్ళేవారు నెల్లూరులో ఉదయం ఆరు గంటల బస్సు పట్టుకోవాలి. నాయుడుపేట మీదుగా మూడు గంటల పైనే పడుతుంది. టిక్కెట్టు రూపాయిన్నర. సత్రంలో దిగేసరికి డ్రైవరు ఇంజను మూత తీసి, నెల్లూరు నుంచి తెచ్చిన డబ్బాలోని నీళ్ళు పోస్తున్నాడు. ఎదురుగా శేషయ్య బావి ఉండగా ఈ మోత ఎందుకని అడిగాను.

“ఆ నీళ్ళు పోస్తే లోపల సున్నం కట్టి మూసుకుపోతాది పెద్దాయనా. ఒకసారి పోసి ఓనరుతో తిట్లు తిన్నా.”

“మరి ఊళ్ళోవాళ్ళు తాగుతున్నారే?”

“మనుషులకు ఓనరు యాడున్నాడు?” అని నవ్వాడు.

మధ్యాహ్నం సుగుణ వడ్డించిన కందిపప్పు వెన్నలా ఉంది. నాకు అనుమానం వచ్చింది. ఉప్పునీళ్ళలో పప్పు ఇలా ఉడకదు.

“సోడా వేసినావా?”

“వెయ్యకపోతే పొద్దుగూకినా ఉడకదన్నా.” తలుపు పట్టుకుని లేస్తూ అంది: “ఒక పొరపాటు చేసినా. పోయినేడు నీళ్ళ పరీక్షకు ఆఫీసరు వచ్చినాడు. పెదమామ ఇంట్లో ఆయనకు వంట నేనే చేసినా. అలవాటు కొద్దీ చెయ్యి సోడా వేసేసింది. ఆయన పప్పు తిని, ‘ఇంత మెత్తగా ఉడికితే నీళ్ళకేం లోటు’ అని మంచివని రాసిచ్చిపోయినాడు.”

“నువ్వు చెప్పలేదా?”

“పెదమామకు చెప్పినా. ‘నోరు మూసుకోమ్మే, బావి పేరు చెడిపోతాది’ అన్నాడు.”

మూడు గంటలకు శేషయ్య ఇంటికి వెళ్ళాను. మజ్జిగ ఇవ్వబోతే వద్దని, నీళ్ళు అడిగాను. తియ్యగా ఉన్నాయి. పెరట్లో పీపా బండి నిలబడి ఉంది. చక్రాలకు తడి ఇసుక అంటుకుని ఉంది. దూరాన ఇసుకలో చెలమ తవ్వి తోడిన నీళ్ళన్నమాట.

“ఇవి బావి నీళ్ళేనా?”

“మంచినీళ్ళే అబ్బయా, తాగు,” అన్నాడు, కళ్ళు పక్కకు తిప్పి.

నా సీసాను బావి నీళ్ళతో నింపుకుని అయిదు గంటల బస్సెక్కాను. నెల్లూరులో పరీక్ష చేయిస్తాను. కానీ ఆ కాగితం ఏం చెప్పినా సుగుణ మోకాళ్ళు వంగవు. మనం తాగే నీళ్ళన్నిటికీ ‘మంచి’ అని ముందే పేరు పెట్టుకున్నాం, ఇక వాటిని శంకించేదెవరు? ఈ దారిన వెళ్ళేవారికి ఒకే సలహా: ఏ ఊళ్ళోనైనా నీళ్ళెలా ఉంటాయని ఊరిపెద్దను అడగకండి. బస్సుకు ఏ నీళ్ళు పోస్తున్నారో చూడండి, పొయ్యి పక్కన సోడా డబ్బా ఉందేమో చూడండి.

సుగుణ తన చేతినే తిట్టుకుంటోంది. నేను ఆ చేతిని తప్పుపట్టను. పప్పు తిని సంతకం పెట్టిన ఆఫీసరునైనా తెలివితక్కువవాడని వదిలేస్తాను. అన్నీ తెలిసి, చెలమ నీళ్ళు తాను తాగుతూ, ఆ పిల్ల నోరు మూయించినవాడు ఒక్కడే, శేషయ్య.