తీగ చదివే గోపాలయ్య

వ్యాసర్పాడి గోపాలయ్యకు ఒకటే జబ్బు. తీగ కనబడితే చదువుతాడు.

కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే తీగ మీద సన్నటి అక్షరాలు అచ్చువేసి ఉంటాయని లోకంలో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళకు అక్కర్లేదు. గోపాలయ్యకు మాత్రం అది నిత్యపారాయణం. జేబులోంచి భూతద్దం తీసి, తీగను ముక్కుకు ఆనించుకుని, మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా చదివితే గాని గోడకెక్కించడు. మూడడుగులకొకసారి అదే మాట. వెయ్యి అడుగుల చుట్టలో మూడు వందల పైచిలుకు సార్లు అదే మాట. అన్నిసార్లూ చదువుతాడు.

"ఒకసారి చదివితే చాలదా?" అని అడిగారొకరు.

"మధ్యలో మాట మార్చే మనుషుల్ని చూసినా. తీగ మాత్రం మార్చదని ఏం నమ్మకం?" అన్నాడు గోపాలయ్య.

ఒకసారి టి. నగర్‌లో తెలిసినవాళ్ళ పెళ్ళికి వెళ్ళి, సరిగ్గా తాళి కట్టే వేళకు పీటల వెనక మోకాళ్ళ మీద వంగి, నాదస్వరం మైకు తీగ చదువుతూ కూర్చున్నాడు. ఆల్బంలో ఆ ముహూర్తపు ఫొటోలన్నింటిలోనూ పెళ్ళికొడుకు ఒక పక్క, పెళ్ళికూతురు ఒక పక్క, మధ్యలో గోపాలయ్య వీపు. ఆ పెళ్ళికూతురు కోదండరాం మరదలి బిడ్డ. కోదండరాంకు గోపాలయ్య మీద మంట అక్కడే మొదలైంది.

కోదండరాం పారిస్ కార్నర్ వెనక సందులో, ఓడ సరుకు విడిపించే ఒక ఆఫీసులో మేనేజరు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. టైపు మిషన్ల కాలంలో ఆయన మాటకు తిరుగులేదు. 1997లో పెద్దాయన తప్పుకుని కొడుకు కేశవ్ కుర్చీలోకి వచ్చాడు. రాగానే పన్నెండు కంప్యూటర్లు దించి, "నెట్‌వర్క్ పని మీరే చూసుకోండి" అన్నాడు. కోదండరాంకు ఆ మాట పలకడమే రాదు. రాదని చెప్పడం అంతకంటే రాదు.

తీగ లాగడానికి ఎవరో గోపాలయ్యను పంపారు. రైల్వే టెలిఫోన్లలో పనిచేసి వచ్చినవాడు, చేతివాటం మంచిదన్నారు. అతను గదులన్నీ కొలిచి, కేటగిరి ఐదు తీగ రెండు చుట్టలు తెమ్మన్నాడు. కోదండరాం కంప్యూటరు సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌కు వెళ్ళి ఒక చుట్ట ఐదు తెచ్చాడు, రెండోది చవకగా దొరికిందని మూడు తెచ్చాడు. రెండూ బూడిద రంగే. ఎవడు చూడొచ్చాడు?

గోపాలయ్య చూశాడు. రెండో చుట్ట రెండడుగులు చదివి కింద పెట్టేశాడు.

"అయ్యా, ఇది కేటగిరి మూడు."

"అయితే ఏంది? ఈడ దాన్నేమన్నా ఇస్కూల్లో చేర్చబోతామా? తీగంటే తీగే."

గోపాలయ్య రెండు ముక్కలు కోసి, తొడుగు ఒలిచి చూపించాడు. రెంటిలోనూ జతలు జతలుగా సన్న తీగలు. ఒకదాంట్లో బిగుతుగా మెలివేసి ఉన్నాయి, రెండోదాంట్లో వదులుగా.

"ఇప్పుడు మీ మిషన్లు సైకిలు మాదిరి పోతాయి. దీనికి మూడు చాలు. రేపు లారీ వేగం పెడతారు. అప్పుడు వదులు మెలిక తట్టుకోదు, పంపింది పంపినట్టు చేరదు. తీగకు మెలిక ఎంత ఉంటే అంత మంచిది అయ్యా. మనిషికే ఉండకూడదు."

ఆఖరి మాట తనకే తగిలిందని కోదండరాం అనుకున్నాడు. "నువ్వు లాగకపోతే లాగేవాళ్ళు నూరు మంది" అన్నాడు. గోపాలయ్య పనిముట్లు సంచిలో వేసుకుని లేచి, గుమ్మం దగ్గర ఆగాడు.

"ఈ చుట్ట ఏ పక్క వేస్తారు? ఆడ కూర్చునేది ఎవురు?"

"నీకెందుకు?"

"ఊరికే."

ఆ మూల కూర్చునేది టైపిస్టు కలైవాణి. తిరువొత్తియూరు నుంచి రైల్లో వస్తుంది. తండ్రి పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంట్లో జీతమనేది ఆమె ఒక్కదానిదే. వేరేవాడు వచ్చి తీగ లాగి పోయాడు. అన్నీ బ్రహ్మాండంగా నడిచాయి. గోపాలయ్య నెలకొకసారి ఆ సందులోకి వచ్చినప్పుడల్లా గుమ్మంలో తల పెట్టి, "ఆ మూల అమ్మాయి బాగుండాదా?" అని అడిగిపోయేవాడు. కోదండరాం ప్యూను ఏళుమలైతో "నేను లేనని చెప్పు" అని గట్టిగా, గోపాలయ్యకు వినబడేలాగే చెప్పేవాడు. ఆఫీసంతా నవ్వుకునేది.

మరుసటి ఏడు కేశవ్ కంప్యూటర్లలో కార్డులనూ, తీగలన్నీ వచ్చి కలిసే హబ్బు అనే పెట్టెనూ మార్పించి పదింతల వేగం పెట్టించాడు. ఆ వారం నుంచి కలైవాణి మిషను మొరాయించింది. చిన్న చిన్న కాగితాలు వెళ్ళేవి. పెద్ద సరుకు పట్టీ టైపు చేసి సేవ్ కొడితే తెర బిగుసుకుపోయేది, చేసినదంతా గాలికి పోయేది. మిషను మార్చి చూశారు. కొత్తదీ అంతే.

"మిషను తప్పు కాదంటే మనిషిదే కదా" అన్నాడు కేశవ్.

"నేను సరిగ్గానే చేస్తా ఉండా సార్" అంది కలైవాణి. ఆ మాటకు విలువ కట్టినవాళ్ళు లేరు.

మొదటి మెమో ఇచ్చారు. ఆఫీసులో తప్పుల్లేకుండా టైపు చేసేది ఆమె ఒక్కతే కనుక, తన మెమో తనే టైపు చేసుకుంది. పోయిన పట్టీలన్నీ పేరుపేరునా ఎక్కించడంతో అదీ పెద్దదే అయింది; సేవ్ కొడితే పోయింది. మెమో పోగొట్టినందుకు రెండో మెమో ఇచ్చారు.

మిషను మార్చిన రోజే, దానికోసం మళ్ళీ వచ్చిన హబ్బు బిగించినవాడు పోతూ పోతూ, "ఆ మూల తీగ ఒకసారి చూపించండి సార్" అని కోదండరాం చెవిలో వేశాడు. ఆ క్షణం నుంచి సంగతి ఆయనకు తెలుసు. తెలిసీ మూడు వారాలు నోరెత్తలేదు. యాభై మూడేళ్ళ వయసులో, కుర్రవాడి ముందు, తీగ తప్పు కొన్నానని ఏ నోటితో చెప్పడం? ఆ అమ్మాయికి మరెక్కడైనా ఉద్యోగం దొరక్కపోదులే అని రోజూ తనకు తాను చెప్పుకున్నాడు. రోజూ అన్నం సహించలేదు. మూడో మెమో ఇస్తే ఇంటికే. ఈసారి దాన్ని ఆయనే చేత్తో రాసి సొరుగులో పెట్టుకున్నాడు.

ఆ పొద్దుటే గుమ్మంలో గోపాలయ్య తల కనబడింది.

"ఆ మూల అమ్మాయి బాగుండాదా?"

లేనని చెప్పమనడానికి కోదండరాంకు నోరు రాలేదు. కలైవాణి కళ్ళు తుడుచుకుంటూ కనబడుతూనే ఉంది. గోపాలయ్య ఎవరినీ అడక్కుండా లోపలికి వచ్చి, భూతద్దం తీసి, ఆమె బల్ల కింద దూరాడు. "టార్చి పట్టుకోండయ్యా" అని లోపలి నుంచి వినబడింది. పట్టుకోవడానికి మేనేజరే దొరికాడు. ఇద్దరు పెద్దమనుషులు బల్ల కింద మోకాళ్ళ మీద ముందుకు పాకారు.

"మూడు" అని చదివాడు గోపాలయ్య. ఇంకో మూడడుగులు పాకి, "మూడు" అన్నాడు.

"తెలుసులే" అన్నాడు కోదండరాం, గొంతు తగ్గించి. "నన్ను బయటపెట్టాలనే కదా నెలనెలా వచ్చింది?"

గోపాలయ్య భూతద్దం దించాడు.

"వ్యాసర్పాడి రైల్వే యార్డులో మాదయ్య అని ఫోను చూసుకునేవాడు ఉండె. ఒకనాడు కబురు అందలా. నిద్రపోయినాడని అతన్ని ఇంటికి పంపేసినారు. తర్వాత తవ్వి చూస్తే తీగ తప్పు. ఆ తీగ వేసింది నేను అయ్యా. చదవకుండా వేసినా. తెలిసినాక కూడా చెప్పలా, పెండ్లాం బిడ్డలు ఉండారని. ఆయనకూ ఉండారు." భూతద్దాన్ని చొక్కా అంచుతో తుడిచాడు. "అందుకే తీగ చివర ఎవురు కూర్చుంటారా అని అడిగేది. దెబ్బ వాళ్ళకే కదా తగిలేది."

కోదండరాం టార్చి ఆర్పాడు.

అప్పుడే కేశవ్ బూట్లు బల్ల దగ్గర ఆగాయి. గోపాలయ్య బయటికి వచ్చి, కలైవాణి చేతికి భూతద్దమిచ్చి, "నువ్వే చదువమ్మా, గట్టిగా" అన్నాడు. ఆమె చదివింది. ఈ తీగ మీద ఎవరు కూర్చున్నా ఇదే జరుగుతుందని గోపాలయ్య విడమర్చి చెప్పాడు. ఆమె మొహంలో సంతోషం కాదు, కోపం కనబడింది. మూడు వారాల కోపం.

"ఎవురు కొన్నారు దీన్ని?" అన్నాడు కేశవ్.

గోపాలయ్య తీగను అటూ ఇటూ తిప్పి చూశాడు. "అది దీని మీద రాయలేదు అయ్యా. రాసిండేదే నేను చదివేది."

వయసంతా తీగలు చదివి ఇంత తెలివితక్కువగా మాట్లాడతాడేమిటని ఏళుమలై నవ్వాడు. కోదండరాంకు నవ్వు రాలేదు. బల్ల కింద నుంచి ఒక్కో కాలూ ఇవతలికి లాక్కుంటూ, జుట్టుకు సాలెగూడుతో, లేచి నిలబడ్డాడు.

"నేనే కొన్నా. ఇది తప్పు తీగని ఇతను అప్పుడే చెప్పినాడు. వినలా. ఈ మూడు వారాలు తెలిసీ ఊరుకున్నా. ఆ అమ్మాయి తప్పేం లేదు."

కేశవ్, "మెమోలు రెండూ వెనక్కి తీసుకుంటున్నాం అని రాయండి. సంతకం మీరు పెట్టండి" అని లోపలికి వెళ్ళిపోయాడు. కలైవాణి నాలుగు రోజులు కోదండరాంతో మాట్లాడలేదు. ఐదో రోజు మాట్లాడింది. అదీ పని మాటే.

ఆదివారం కొత్త తీగ వచ్చింది. గోపాలయ్య నిచ్చెనెక్కి, చుట్ట పట్టుకుని చదివి అందించే పని కోదండరాంకు అప్పగించాడు. కలైవాణి దగ్గరుండి చూసుకుంటానని పనిగట్టుకుని వచ్చి, కుర్చీ వేసుకుని కూర్చుంది. కోదండరాం కళ్ళద్దాలు నుదుటికెక్కించి, తీగను ముక్కుకు ఆనించుకుని, "కేటగిరి ఐదు" అని చదివాడు. మూడడుగులు వదిలి మళ్ళీ చదివాడు. ముప్పైసార్లయ్యాక మెల్లిగా మూడడుగుల తీగ చదవకుండా జార్చాడు.

"సార్, ఒకటి విట్టుపోయింది, చదవలా" అంది కలైవాణి కుర్చీలోంచి.

కోదండరాం వెనక్కి లాగి చదివాడు. నిచ్చెన మీద గోపాలయ్య భుజాలు కదిలాయి, దగ్గో నవ్వో తెలియలేదు.

"బాగా చదువుతా ఉండారయ్యా" అన్నాడు పైనుంచి. "ఇంక తొమ్మిది నూర్ల అడుగులే."