వెనక దుంగ, ముందు బ్రేకు

సీతయ్య బండికి ముందు బ్రేకు లేదు. పాడైపోయి కాదు, పద్దెనిమిదేళ్ల కిందట ఆయనే దాని తీగ ఊడదీసి, చుట్ట చుట్టి ఇంటి దూలానికి తగిలించాడు. ఈ సంగతి నాకు చండ్రుగొండ అడవిలో, ఆయన వెనక సీటు మీద కూర్చుని పల్లం దిగుతుండగా తెలిసింది. తెలిశాక చేయగలిగిందేమీ లేదు, నడుం ఇంకాస్త గట్టిగా పట్టుకోవడం తప్ప.

కాలు ఒకచోట నిలవని మనిషిని నేను. ఇల్లందు నుంచి భద్రాచలం దాకా బస్సు దొరికితే బస్సు, లేకపోతే ఎవరిదో ఒక బండి. వెనక కూర్చునేవాడు ముందు మనిషి వీపును చదువుకుంటూ పోతాడు. కొన్ని వీపులు గుంత వచ్చాక ఉలిక్కిపడతాయి. సీతయ్య వీపు ముందే చెబుతుంది.

ఆయనకు నలభై నాలుగేళ్లు. కోయ రైతు. కొంచెం పత్తి, ఎండాకాలం తునికాకు. గూడెం నుంచి తారు రోడ్డుకు తొమ్మిది కిలోమీటర్లు, అంతా ఎర్ర కంకర మొరం దారి. ఆటోవాళ్లు ఆ దారి పేరెత్తితేనే మొహం తిప్పుకుంటారు. అందుకని గూడెంలో ఎవరికి పురిటి నొప్పులొచ్చినా ముందు వినిపించే కేక సీతయ్య పేరే. నొప్పుల మనిషిని మధ్యలో కూర్చోబెట్టి, ఆమె వెనక ఇంకో ఆడమనిషి పట్టుకుని కూర్చుంటే, వట్టి కాళ్లతో గేరు వేసి దవాఖానాకు తీసుకుపోతాడు. ఇప్పటికి ఎంతమందో ఆయన లెక్కపెట్టలేదు. భార్య జంపక్క పెట్టింది. “ఇరవై ఏడుమంది. ఒక్కతి సుత జారలే” అంటుంది, తానే నడిపినట్టు.

ఈ ఏడు ఆ గూడేనికి బైకు అంబులెన్సు ఇస్తామన్నారు. వెనక వాలు కుర్చీ, పక్కన మందుల పెట్టె ఉన్న బండి. నడిపేవాడు ఖమ్మంలో రెండు రోజుల శిక్షణకు వెళ్లి, చివర పరీక్షలో నెగ్గాలి. నెగ్గకపోతే బండి వాగు అవతలి ఊరికి పోతుంది. వానాకాలం వాగు పొంగితే అవతలి బండి ఇవతలికి రాదు. కాబట్టి గూడెమంతా సీతయ్య మీద కూర్చున్నట్టే.

ఆశా కార్యకర్త సుజాత ఆయన పేరు రాసి, ఏమేం కావాలో ఫోనులో పంపింది. లైసెన్సు, హెల్మెట్, నిండు చేతుల చొక్కా, బూట్లు. చివరి వాక్యం దగ్గరే సీతయ్య ఆగిపోయాడు. ముప్ఫై స్పీడులో వచ్చి, రెండు బ్రేకులూ వాడి, తెల్లగీత దాటకుండా ఆపాలట. గడువు పది రోజులు.

బండితో పాటు ఇంట్లో ఉన్న హెల్మెట్ కూడా పట్టుకుని చండ్రుగొండలో కిషన్‌లాల్ మెకానిక్ షాపుకు వెళ్లాం. కిషన్‌లాల్ తండా కుర్రవాడు, చేతికంటే నోరు చురుకు. హెల్మెట్ అందుకుని వాసన చూశాడు.

“ఏందన్నా, దీంట్ల ఇప్పపువ్వు ఏరినవా? ఇది పెట్టుకొని పోతే సారా వాసనకు పోలీసోళ్లు ఊదమంటరు. నువ్వు తాగకున్నా హెల్మెట్ తాగి ఉన్నది.”

“నేనేడ ఏరిన? మా ఆమె ఏరింది. లోపలి మెత్త తీసేస్తే శానా పడ్తదట.”

“ఇంట్ల బుట్ట లేదా?”

“బుట్టకు గదుమ కింద పట్టీ ఉంటదా తమ్మీ? దీన్ని చేతికి తగిలించుకుంటే రెండు చేతులూ ఖాళీ.”

తర్వాత ముందు చక్రం చూసి కిషన్‌లాల్ బండి పక్కనే కూలబడ్డాడు. “ముందు బ్రేకు లేకుండ గిన్నేండ్లు తిరిగినవా? నీకు పరీక్షెందుకన్నా, దేవుడెప్పుడో పాస్ చేసిండు.”

సీతయ్య నవ్వలేదు. ఆపడమంటే వెనక నుంచే ఆపాలని ఆయనకు చిన్ననాటి నుంచి ఎముకల్లో ఉంది. తండ్రి వెదురు మోసే ఎడ్లబండి తోలేవాడు. గుట్ట దిగేటప్పుడు బండి వెనక గొలుసుతో పెద్ద దుంగ కట్టి ఈడ్పించేవాడు. దుంగ నేలను గీరుకుంటూ బరువును పట్టుకుంటే, ఎద్దులు నిమ్మళంగా దిగేవి. ఎద్దుల ముందుకు పోయి పగ్గం లాగితే అవి మోకాళ్ల మీద పడతాయి, వెనక వెదురంతా వాటి మీద పడుతుంది. నేను ఎక్కడెక్కడో కొండదారులు చూశాను, రకరకాల ఉపాయాలు చూశాను గానీ, అంత చవకగా, అంత నమ్మకంగా పనిచేసేది ఇంకోటి చూడలేదు. చక్రం కనిపెట్టినవాడిని అందరూ పొగుడుతారు. దాన్ని ఆపడం కనిపెట్టినవాడిని ఎవరూ తలచరు.

అయితే సీతయ్య భయానికి దుంగ ఒక్కటే కారణం కాదు. పెళ్లైన ఏడాది పాత బండి ఒకటి తెచ్చి, జంపక్కను ఎక్కించుకుని వానలో ఈ దారినే వస్తూ, అడ్డం వచ్చిన మేకను చూసి ముందు బ్రేకు ఒక్కసారిగా నొక్కాడు. చక్రం మొరంలో జారింది. ఆయనకేం కాలేదు. జంపక్క గదుమ చీరుకుపోయింది. ఆ సాయంత్రమే తీగ దూలానికి ఎక్కింది.

కిషన్‌లాల్ కొత్త తీగ వేసి, బ్రేకు పిడి చేతికిచ్చి నేర్పాడు. “గట్టిగ గుంజొద్దన్నా. బర్రె పాలు పిండినట్టు, మెల్లగ పిండాలె.”

“మా ఇండ్లల్ల పాలు పిండరు తమ్మీ. అవి దూడవి.”

కిషన్‌లాల్ పిడిని తనే రెండుసార్లు మెల్లగా నొక్కి చూపించాడు.

మర్నాటి నుంచి గూడెం కళ్లంలో సాధన. గట్టి నేల. జంపక్క సున్నంతో గీత గీసి, నిండు నీళ్ల బిందె ఒడిలో పెట్టుకుని వెనక కూర్చుంది. “నొప్పుల మనిషిననుకో. నీళ్లు ఒలకొద్దు” అంది. సీతయ్య కొత్త బూట్లతో గేరు కోసం తడుముకుంటూ వచ్చి, గీత దగ్గర అలవాటుగా వెనక బ్రేకు తొక్కాడు. బండి గీత దాటి, తోక తిప్పుకుంటూ పోయి పత్తికట్టె కుప్పలో ఆగింది. బిందెలో సగం నీళ్లు ఆయన వీపు మీదే పోయాయి.

“పుట్టిన పిల్లకు స్నానం సుత అయిపోయింది” అంది జంపక్క.

నాలుగు రోజులు అదే తంతు. కుడిచేతి వేళ్లు పిడి దాకా వెళ్లి వెనక్కి వచ్చేవి. బూట్లు మాత్రం లొంగాయి. పొద్దంతా వాటితోనే చేనులో తిరిగాడు, ముసలమ్మలు “దొరా” అని పిలిచినా విప్పలేదు. ఐదో రోజు గీత దాటాక ఆయన బండి దిగి, స్టాండు వేసి, “సుజాతమ్మకు చెప్తా, ఇంకొకరి పేరు రాయమని” అన్నాడు.

జంపక్క బిందె కింద పెట్టింది. వాళ్లిద్దరూ అంతదాకా కోయలో మాట్లాడుకుంటున్నవాళ్లు. నన్ను సాక్షిగా పెట్టుకోవడానికి కాబోలు, ఆమె తెలుగులోకి మారింది.

“చూడు పెద్దసారూ. పడ్డది నేను, మచ్చ నాది. నాకు లేని భయం ఈయనకెందుకు?” అని భర్త వైపు తిరిగింది. “ఏందయ్యా, ఇరవై ఏడుమందిని మోసినవు. ఇరవై ఎనిమిదో ఆమె వాగు గట్టు మీద కూసొని అరుస్తుంటే, మా ఆమె గదుమ మీద మచ్చ ఉన్నది, అందుకే బండి లేదు అని చెప్తవా?”

సీతయ్య వంగి బూటు తాడు విప్పబోయాడు.

“చెయ్యి తే” అంది ఆమె. గంప కింద నుంచి ఒక కోడిపిల్లను తీసి ఆయన అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది. “ఎట్ల పడ్తవు దీన్ని?”

“ఎట్లేంది? ఉరకొద్దు, సావొద్దు. గట్ల.”

“గట్లనే పట్టు దాన్ని గూడ.”

ఆ సాయంత్రం బండి గీతకు మూరెడు ఇవతల ఆగింది. నీళ్లు అంచు దాకా వచ్చి, తొంగిచూసి, లోపలికి వెళ్లాయి. జంపక్క దిగలేదు. “మళ్ల ఒకసారి” అంది.

కొత్త హెల్మెట్‌తో ఖమ్మం బయల్దేరినప్పుడు వెనక సీటు నాది. శిక్షణలో పాతికమంది, అందరూ ఆయనకంటే చిన్నవాళ్లు. రెండో రోజు తారు మీద పరీక్ష. వెనక మనిషికి బదులు ఇసుక బస్తా కట్టారు. సీతయ్య వచ్చాడు, కుడిచేతి వేళ్లు మెల్లగా ముడుచుకున్నాయి, బండి గీత లోపలే ఆగింది. వెంటనే తల వెనక్కి తిప్పాడు.

“వెనక్కి ఎందుకు చూస్తున్నావ్?” అన్నాడు శిక్షకుడు.

“నీళ్లు ఒలికినయా అని, సార్.”

తర్వాత కంకర మీద ఆపమన్నారు. ముందు వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు తారు మీద నేర్చిందే నమ్మి ముందు బ్రేకు బిగించి బోల్తా పడ్డారు. హెల్మెట్లు ఉన్నాయి కాబట్టి దుమ్ము దులుపుకుని లేచారు. సీతయ్య మాత్రం వెనక బ్రేకు ఎక్కువగా, ముందుది తాకీ తాకనట్టుగా వాడి, తండ్రి దుంగ కట్టిన బండిలా నింపాదిగా ఆగాడు. “ఇది ఎక్కడ నేర్చావు?” అన్నాడు శిక్షకుడు. జవాబు చెప్పాలంటే ఎద్దుల దగ్గర మొదలుపెట్టాలి. వెనక చాలామంది వరసలో ఉన్నారు. “మా దారే గట్ల ఉంటది, సార్” అని ఊరుకున్నాడు.

నెగ్గాడు. అంబులెన్సు గూడేనికి వచ్చిన రోజు వాలు కుర్చీలో మొదట కూర్చున్నది జంపక్క, ఒడిలో బిందెతో. సీతయ్య పాత బ్రేకు తీగను దూలం మీంచి తీసి కోళ్ల గంపకు కట్టు చేశాడు. దూలం మేకుకు ఇప్పుడు మెత్త లేని పాత హెల్మెట్ వేలాడుతోంది. ఇప్పపువ్వు ఇంకా రాలుతోంది మరి.