సరిసగం నీళ్ళు

నా చిన్నప్పుడు పులివెందులలో మాకొక చిల్లర అంగడి, ఊరి బయట చీనీ, అంటే బత్తాయి తోట ఉండేవి. తోటకు నీళ్ళు పొత్తు బావివి. పొద్దున వంతు మాది, మధ్యాహ్నం వంతు పక్కతోట మామది. అంగట్లో పెరిగినవాణ్ణి కదా, సరిసగానికి మించిన న్యాయమైన బేరం లోకంలో లేదనుకునేవాణ్ణి.

వానలు ఎగ్గొట్టిన ఏడు బావి అడుగంటింది. వంతుకొచ్చే నీళ్ళు పాదులు తడవడానికే చాలవు. ఇటు మా చెట్లూ అటు మామ చెట్లూ ఆకులు ముడుచుకున్నాయి. ఒక రోజు మా వంతు దాటినా చిన్నాయన మోటారు ఆపలేదు. మామ పార ఎత్తుకొని వచ్చాడు.

"ఇది మీ అంగట్లో తక్కెడ కాదు బామ్మర్దీ, యేలు పెట్టి వంచేకి! ఆపుతావా, తల పగలాల్నా?"

"రా, సూద్దాం!" అని చిన్నాయన గొడ్డలి అందుకున్నాడు.

అన్నం తెచ్చిన మా జేజి, నాయనను కన్న తల్లి, గబగబా పోయి మోటారు ఆపేసింది. "సగం సగం తాపి రెండు తోటలూ సంపుతాండారు గదరా. ఉండే నీళ్ళు ఒక తోటకే సరి. మనవి ముసలి చెట్లు. వాళ్ళవి వచ్చే ఏడు తొలికాపు. మనకు అంగడన్నా ఉంది, వాళ్ళకేముంది?" అంది. మా చెట్లనే నరకమని కొడుక్కు చెప్పింది. అవి నిలబడి ఉంటే మన చెయ్యి ఊరుకోదు, మళ్ళీ మోటారు మీదికే పోతుందంది. మామతో, "నీళ్ళన్నీ నువ్వే పెట్టుకో నాయనా. కాపొస్తే సగం మాది" అంది.

చిన్నాయన ఏడుస్తూనే నరికాడు. మామ పార కింద పడేసి గట్టు మీద కూలబడ్డాడు. సరుకంతా ముందే ఇచ్చేసి సగం మీద ఆశ పెట్టుకున్న జేజికి బేరం రాదని నేను తీర్మానించేశాను. అప్పటికి నాకు చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా సరిగా రాదు.

మరుసటి ఏడూ చినుకు పడలేదు. బావిలో బురద కూడా మిగల్లేదు. మామ తోట తొలికాపు చూడకుండానే నిలువునా ఎండిపోయింది.

ఒక పొద్దున మా వాకిట్లో ఎద్దులబండి ఆగింది. దాన్నిండా చీనీ మొద్దులు. మామ దించుతున్నాడు.

"ఇవేంటికి నాయనా?" అంది జేజి.

"పండ్లయితే పండ్లు తెచ్చుందును గదత్తా. చెట్లకు ఇదే మిగిలింది. సగం మీది."

జేజి వద్దనలేదు. కొంగు నడుముకు చెక్కుకొని తనూ ఒక చెయ్యి వేసింది.

కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరమాడకుండా నేనిప్పటికీ కదలను. కూరగాయలామె నన్ను చూస్తే మొహం తిప్పుకుంటుంది. కానీ ఎవరితోనైనా పొత్తు కలిసేటప్పుడు మాత్రం లాభం మాట ముందెత్తను. అంతా ఎండిపోయిన రోజున ఈ మనిషి బండి కట్టుకొని నా వాకిటికి వస్తాడా అని వాడి మొహంలోకి చూస్తాను. నేను పోగలనా అని కూడా.