గోడ మీది పాము

నరసరావుపేటలో నేను డ్రాయింగ్ మాస్టారుగా ఉన్న ప్రైవేటు స్కూలు కరస్పాండెంటు, ఏదో సినిమాలోని మంత్రాల బడి ముద్రను ఫోన్లో చూపించి, "ఇదే మన గోడ మీద దించెయ్యండి మాస్టారూ, చానా రిచ్‌గా ఉంది" అన్నాడు. నాలుగు గళ్లలో సింహం, పాము, ఇంకో రెండు జంతువులు; ఉన్నదున్నట్టు గోడ మీద దించాను. సొంతంగా ఒక్క బొమ్మ కూడా తోచని ఈ మనిషే సృజనాత్మక విద్య అంటూ ఊరంతా కరపత్రాలు పంచాడు.

నాగులచవితి నాడు పిల్లల్ని దింపడానికొచ్చిన తల్లులు ఆ పాముకి పసుపు కుంకుమ పెట్టి, పాలు పోసి, దండం పెట్టుకున్నారు. కడిగించమంటారా అని ఆయన్ని అడిగాను.

"కడిగేదేంది? మిగతా మూడూ చెరిపేసి పడగ పెద్దది చెయ్యండి. అడ్మిషన్లు అవే వస్తయ్."

ఆయన్ని మనసులో అంత ఛీకొట్టిన నేనూ, ఆ పడగ దిద్దే ముందు చెప్పులు విడిచాను.