మా అక్క చదివిన దారి

పోయిన ఆదివారం లేపాక్షి నుంచి కారులో తిరిగి వస్తున్నాం. బావ నడుపుతున్నాడు. పక్క సీట్లో మా అక్క నోరు కొంచెం తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది. వెనక నా పక్కన కూర్చున్న మా కొత్త కోడలు నా వైపు వంగి, "కారు పందేల్లో ఛాంపియనంటే ఈ పెద్దత్తేనా మామా?" అని గుసగుసగా అడిగింది. ఆ గొంతులోని అనుమానానికి నాకు నవ్వొచ్చింది.

ఆ అనుమానం ఒకప్పుడు మా ఇంటిల్లిపాదికీ ఉండేది. చిన్నప్పుడు అక్కకు బస్సు పడేది కాదు. తాడిపత్రి నుంచి అనంతపురం పోవాలంటే అమ్మ ఒక నిమ్మకాయ, ఒక పాత తువ్వాలు సిద్ధం చేసేది. ఊరు దాటకముందే రెండూ పనికొచ్చేవి. అలాంటి పిల్లను మేనమామ కొడుక్కిచ్చి చేశారు. బావకు బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉండేది గానీ, ధ్యాసంతా కార్ల మీదే. ఒకసారి నల్లమాడ దగ్గర గుట్టల్లో చిన్న కార్ల ర్యాలీ పందెం జరిగింది. బావ పక్కన కూర్చోవాల్సిన స్నేహితుడికి జ్వరమొచ్చింది. అందరికీ ఉగ్గాని, బజ్జీలు తీసుకొచ్చిన అక్క, "చదివేదే కదా, నేను చదువుతా" అని హెల్మెట్ పెట్టుకుంది.

ర్యాలీ కారులో ఇద్దరుంటారు. ఒకరు నడుపుతారు. రెండోవారు, ముందుగా ఆ దారిలో మెల్లగా తిరిగి రాసుకున్న మలుపులను, పందెంలో కారు అక్కడికి చేరకముందే గట్టిగా చదివి చెప్పాలి. కారు ఎగిరిపడుతున్నా తల ఎత్తకూడదు, గొంతు వణకకూడదు. అక్క ఆ రోజు ఒక్క మలుపు కూడా తప్పు చదవలేదు. కారు ఆగాక దిగి, కంపచెట్ల పక్కన వాంతి చేసుకుని, మూతి తుడుచుకుంటూ, "మళ్లీ ఎప్పుడు?" అని అడిగింది.

ఆ తర్వాత వాళ్లిద్దరూ తిరగని కొండల్లేవు. గెలిచిన కప్పులు మా అత్త వంటింటి అటకెక్కాయి, ఒకదాంట్లో చింతపండు కూడా చేరింది. ఫొటోల్లో ఎప్పుడూ బావే మధ్యన ఉండేవాడు, అక్క భుజం మాత్రం కనపడేది. ఆమె పట్టించుకున్నట్టు లేదు.

కర్ణాటక కాఫీ తోటల్లో జరిగిన ఒక ర్యాలీలో కారు లోయవైపు పల్టీ కొట్టింది. అక్కకు గీతలు పడ్డాయంతే. బావ ఎడమకాలు నుజ్జయింది. ఇక పందేలు వద్దన్నారు డాక్టర్లు. ఊళ్లో మాత్రం మాట ఇంకోలా పాకింది: ఆయమ్మ తప్పు చదివిందంట, మొగునికి కాలు పోగొట్టిందంట. అక్క కిమ్మనలేదు. రోజూ బావ కాలికి నూనె రాసింది, కట్టు కట్టింది. బావ గోడవైపు తిరిగి పడుకునేవాడు. నెలలు గడిచాయి.

అంతలో కోయంబత్తూరు డ్రైవర్ ఒకాయన ఇంటికే వచ్చి, తన పక్కన కూర్చోమని అక్కను అడిగాడు. ఆయన అటు పోగానే, బావను చూడటానికి నాతో పాటు వచ్చిన నాయన లేచాడు. "ఒకని కాలు ఇరగ్గొట్టినావు, సాలదా? ఇప్పుడు పరాయోని పక్కన కూచోని ఊర్లు తిరుగుతావా?"

అక్క తల వంచుకుని ఉంది. మంచం మీంచి బావ అన్నాడు: "నీ బిడ్డ సరిగ్గానే చెప్పింది మామా. మలుపు పోనుపోను బిగుసుకుంటాది, నిదానం అని రెండుసార్లు అరిచింది. నాకు తెలుసులే అని నేనే ఇనలేదు."

నాయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. అక్క ఒక్కసారిగా బావ మీదికి తిరిగి, "ఇన్ని నెల్లకా నోరొచ్చింది నీకు?" అని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. నువ్వే ఎందుకు చెప్పలేదని తర్వాత నేనడిగితే, "ఆయన నోట్లోంచి రావల్లప్పా. నేను చెప్తే తప్పించుకున్నట్టుంటాది" అంది.

అక్క కోయంబత్తూరాయన పక్కన కూర్చోవడానికి ఒప్పుకుంది. ఆ ఏడు చివరి పందెం మళ్లీ ఆ కాఫీ తోటల్లోనే పడింది. బావ చేతికర్రతో, నేను గొడుగుతో ముగింపు దగ్గర నిలబడ్డాం. మా వైపు వాన అపురూపం, అక్కడేమో దారి కనపడనంతగా కురిసింది. పొగమంచులోంచి వాళ్ల కారు బురదముద్దలా బయటికొచ్చింది. జాతీయ ఛాంపియన్లు వాళ్లేనని మైకులో చెప్పారు. కోయంబత్తూరాయన నేరుగా బావ దగ్గరికొచ్చి, వచ్చీరాని తెలుగులో, "అన్నా, రోడ్డు నేను చూడలేదు. అక్క చెప్పింది, నేను తిప్పినాను" అన్నాడు.

బావ అక్కను పక్కకు పిలిచి, "ఆ మలుపు కాడ ఏం చెప్పినావు?" అని అడిగాడు.

"నీకు చెప్పిందే చెప్పినా. ఆయప్ప ఇన్నాడు."

బావ మొదట నవ్వాడు. తర్వాత అక్క భుజం మీద తల ఆనించి, అంతమంది ముందు, చాలాసేపు ఏడ్చాడు. అక్క హెల్మెట్ తీయకుండానే నిలబడింది.

కోడలికి ఇదంతా చెప్పడానికి హిందూపురం దాకా కూడా పట్టలేదు. బావ మాట్లాడని ఆ నెలలు మా ఇంట్లో ఎంతకీ తరిగేవి కావు. ఇప్పుడు చెప్పబోతే ఒక చిన్న వాక్యంలో అయిపోతున్నాయి.