హనుమంతు కంటిన్యుటీ

మొదటి మ్యాచ్ రోజు పొద్దున, పద్నాలుగో నంబరు జెర్సీ మీద, ఎడమ భుజానికి నాలుగు వేళ్ల కింద అల్లం పచ్చడి మరక ఒకటి ఉండింది. ముందురోజు పోస్టరు ఫొటోలు తీస్తుండగా మధ్యలో టిఫిన్లు వచ్చాయి. ఆ జెర్సీలో ఉన్న మనిషి పెసరట్టు తింటూ మీద ఒలకబోసుకున్నాడు. మిగతా ఫొటోలన్నీ మరకతోనే తీశారు. తెల్లారేసరికి అది కాస్త వెలిసినట్టు కనబడింది. హనుమంతు తన నోటుబుక్కు తీసి చూసుకున్నాడు: "నం. 14, ఎడమ, అల్లం, రెండంగుళాలు, కింది కొస వంకర." వెంటనే కృష్ణానగర్ టిఫిన్ సెంటరుకు పోయి గిన్నెలో కొంచెం అల్లం పచ్చడి అడిగి తెచ్చి, చూపుడువేలితో మరకను దిద్ది, కింది కొసను గుర్తుపెట్టుకుని వంకర తిప్పి, నీడలో ఆరబెట్టి, పక్కలు ఇస్త్రీ చేసి హ్యాంగరుకు తగిలించాడు.

సాయంత్రం ఆ జెర్సీ వేసుకుని ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి బాస్కెట్‌బాల్ కోర్టులోకి దిగాడు. అతన్ని కాపలా కాయాల్సిన అవతలి ఆటగాడు రెండు క్వార్టర్లు, అంటే సగం ఆట, ముక్కు ఎగబీలుస్తూనే ఆడాడు.

మ్యాచ్ అయ్యాక మేనేజరు రిత్విక్ జెర్సీని రెండు వేళ్లతో పట్టుకొచ్చి, ఎందుకు ఉతకలేదని అడిగాడు. హనుమంతుకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

"ఉతికితే నిన్నటి ఫొటోకు ఇయ్యాల్టి ఆటకు ఎట్ల కలుస్తది సార్?" అన్నాడు.

అతని తప్పు కాదది, ఇరవై ఆరేళ్ల అలవాటు. గజ్వేల్ పక్క పల్లె నుంచి కుట్టుపని చేతపట్టుకుని వచ్చి, కృష్ణానగర్ సందులో కిరాయి గదిలో దిగి, సినిమాల్లో కాస్ట్యూమ్ అసిస్టెంటుగా చేరాడు. సినిమా వరసలో తీయరు కదా. ఫైటు సగం ఇవాళ తీస్తే మిగతా సగం మూడు వారాల తర్వాత తీస్తారు. అప్పటిదాకా చొక్కా మీద చెమట మరక, చిరుగు, మట్టి, ఊడిన గుండీ, ఏదీ ఇటు నుంచి అటు జరగకూడదు. అదే కంటిన్యుటీ. ఒకసారి హీరో చొక్కా రెండో గుండీ విప్పి ఉండాలని హనుమంతు నలుగురిలో అరిచి షాటు ఆపించాడు. ఆ రోజు పడ్డ తిట్లు తిట్లే, వచ్చిన పేరు పేరే. హనుమంతు పెట్టిన బట్టలో తప్పు పట్టినవాడు ఫిల్మ్‌నగర్‌లో లేడని చెప్పుకునేవారు. ఎక్కువగా కౌసల్యే చెప్పేది. ఆమె అతని భార్య.

జూబ్లీహిల్స్‌లో ఆఫీసున్న నిర్మాత చలపతిరావుగారి దగ్గర అతనికి నికరమైన పని. ఈ మధ్య ఆయన సినిమా ఒకటి మధ్యలో ఆగిపోయింది. అదే సమయానికి ఒక కొత్త బాస్కెట్‌బాల్ లీగ్ పుట్టింది. చలపతిరావుగారు హైదరాబాద్ జట్టు కొన్నారు. ఖాళీగా ఉన్న యూనిట్ మొత్తాన్ని అటు తోలారు. వంటవాళ్లు జట్టుకు వండిపెట్టారు. ఆయన కొడుకు రిత్విక్ మేనేజరయ్యాడు. జెర్సీలు, సాక్సులు, టవళ్లు హనుమంతు చేతికొచ్చాయి.

పద్నాలుగో నంబరు పేరు టెరెన్స్. అమెరికావాడు. ముప్ఫై ఆరేళ్లు. పద్నాలుగేళ్లలో పదకొండు దేశాల్లో ఆడాడు. అమెరికాలో పెద్ద లీగుకు అంగుళం దూరంలో ఆగిపోయినవాళ్లు ఇలా దేశాలు పట్టుకు తిరుగుతారట. సీజనుకొక ఊరు, సీజనుకొక భాష. దెబ్బ తగిలిన మర్నాడే విమానం టికెట్టు చేతిలో పెడతారు. ఇదంతా డిగ్రీ చదువుతున్న హనుమంతు కూతురు రష్మి ద్వారా తెలిసింది. సాయంత్రాలు ఆమె టెరెన్స్ ఉండే గెస్ట్‌హౌస్‌కు వచ్చి ఇద్దరికీ మాటలు కలిపేది. ఆమె లేనప్పుడు హనుమంతు తనకొచ్చిన షూటింగు ఇంగ్లిషుతో లాక్కొచ్చేవాడు. "రెడీ", "టచప్", "వన్ మోర్", "ప్యాకప్". ఈ నాలుగు మాటలతో మనిషి మొత్తం జీవితాన్ని వెళ్లదీయొచ్చని టెరెన్సే ఒప్పుకున్నాడు. బదులుగా అతను "అన్నా", "జర ఆగు" నేర్చుకున్నాడు.

ఒకరోజు టెరెన్స్ సంచీడు పాత జెర్సీలు బాగుచేయమని ఇచ్చాడు. హనుమంతు వాటిని ఒక్కొక్కటే తిరగేసి చూశాడు. బట్ట చరిత్ర ఎప్పుడూ లోపలి వైపే ఉంటుంది. పోలండుది రెండు వరసల కుట్టు, పద్ధతైన జట్టు. లెబనాన్‌ది చేత్తో కుట్టింది, ఎవరి అమ్మో కుట్టి ఉంటుంది. ఉరుగ్వేది వట్టి జిగురు, ఆ జట్టు సీజను మధ్యలోనే మూతపడిందట. ఫిలిప్పీన్స్ జెర్సీ వీపు మీద మాత్రం టెరెన్స్ పేరు పట్టీ దళసరిగా తగిలింది. కొస ఎత్తి చూస్తే దానికింద ఇంకో పేరు, ఆ కింద ఇంకోటి.

రష్మి అడిగితే టెరెన్స్ తేలిగ్గానే చెప్పాడు. ప్రతి ఊళ్లోనూ ఇంతే, ఒకడి పేరు మీద ఇంకొకడి పేరు. తన పేరు మీదా ఎవరిదో పడుతుంది. కుట్టేటప్పుడు మాత్రం తను చూడకుండా ఉంటే చాలు.

హనుమంతు ఆ మాట నోటుబుక్కులో రాసుకోలేదు గాని, రాసుకున్నట్టే అయింది.

మూడో వారం, బుధవారం ప్రాక్టీసులో టెరెన్స్ ఎడమ మోకాలు మెలిపడింది. తలుపులు మూసి ఆడుతున్నారు కాబట్టి బయటివాళ్లెవరూ చూడలేదు. జట్టు ఫిజియో భావన కాలు నొక్కి చూసి, లోపల తెగిందేమీ లేదు, వాపే అంది. గురువారం మ్యాచ్‌కు అతన్ని కూర్చోబెట్టారు. శుక్రవారం పేపర్లో మోకాలి నొప్పి అని రెండు లైన్లు వచ్చాయి. ఏ మోకాలో రాయలేదు.

ఆ మధ్యాహ్నమే రిత్విక్ హనుమంతును పక్కకు పిలిచి చేతిలో ఒక బట్ట పట్టీ పెట్టాడు. దాని మీద తెల్లటి ఇంగ్లిషు అక్షరాల్లో ఒక పేరు ఉంది. అది టెరెన్స్ పేరు కాదు.

"నాన్నగారు తేల్చి చెప్పేశారు, హనుమంతూ. ఆదివారం వైజాగ్‌తో మ్యాచ్. చివరి విజిల్ పడేసరికి టెరెన్స్ కోర్టులో ఉంటే ఉన్నట్టు. మధ్యలో కూర్చుండిపోతే సోమవారం ఫ్లైట్ ఎక్కించేయడమే. కొత్తవాడు దుబాయ్‌లో రెడీగా ఉన్నాడు. నువ్వు ఈ పేరు కుట్టడానికి సిద్ధంగా ఉండు. అతనికి మాత్రం చెప్పకు."

చెప్పకు అన్నది రెండోసారి కూడా అన్నాడు. హనుమంతు పట్టీని జేబులో పెట్టుకుని గెస్ట్‌హౌస్‌కు పోతే, ఆ మనిషి మోకాలికి ఐసు పెట్టుకుని కూర్చుని, "అన్నా, రెడీ?" అన్నాడు నవ్వుతూ. హనుమంతు ఐసు కింద తడిసిన టవలు మార్చి వచ్చేశాడు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఆ పట్టీని తిప్పి తిప్పి చూశాడు. కౌసల్య రెండుసార్లు చూసి మూడోసారి అడిగింది. చెప్పాడు. ఆమె చారు పోస్తూ, ఆ పట్టీ పారేయమంది. పారేస్తే ఇంకోటి తెస్తరు అన్నాడతను.

"అయితే నీకొచ్చిన పని నువ్వు చెయ్యి," అంది కౌసల్య. "నీకొచ్చింది కుట్టుడొక్కటేనా?"

శనివారం పొద్దున స్టేడియంలో ముందు మన జట్టుకు ప్రాక్టీసు, తర్వాత వైజాగ్ జట్టుకు. వాళ్ల మేనేజరు అరగంట ముందే వచ్చి పై వరసలో కూర్చున్నాడు. చేతిలో ఫోను, ఫోను కన్ను టెరెన్స్ కాళ్ల కోసం కాచుకుని ఉంది. ఏ మోకాలో తెలిస్తే చాలు, రేపు నలభై నిమిషాలూ ఆ కాలి మీదికే తోస్తారు. బరువు దాని మీదే పడేట్టు దారి మూస్తారు. అందులో తప్పేం లేదు, ఆట అదే. కాని అలా తోస్తే మోకాలు రెండో క్వార్టరు దాటదని భావన ముందే చెప్పింది. టెరెన్స్ ఇంకా బట్టలు మార్చుకుని బయటికి రాలేదు.

హనుమంతుకు అప్పుడు పదేళ్ల కిందటి షూటింగు ఒకటి తలపుకొచ్చింది. ఫైటు సీనులో హీరో కుడిచేతికి నిజంగానే దెబ్బ. దాచడానికి చోటు లేదు. హనుమంతే ఎడమచేతికి ఇంతలావు ఎర్రగుడ్డ కట్టాడు. సినిమా వంద రోజులాడింది. కుడిచెయ్యి కదల్లేదని ఒక్క మనిషీ కనిపెట్టలేదు.

డ్రెస్సింగ్ రూములోకి పోయి, భావనను, టెరెన్స్‌ను కూర్చోబెట్టి, ఫోన్లో రష్మిని కలిపి చెప్పాడు.

"చూసేటోని కన్ను కట్టు ఉన్న కాడికే పోతది మేడమ్. కుడి కాలికి కడదాం."

భావన రెండు మోకాళ్లనూ మార్చి మార్చి చూసి లెక్క చెప్పింది. టేపు చుట్టిన ఎడమ మోకాలి మీదికి రెండు కాళ్లకూ నల్లటి పొడుగు టైట్స్ వస్తాయి, కుడి మోకాలి మీద పైకి కనిపించేలా తెల్లటి కట్టు. సరే, కాని ఒక షరతు. ప్రతి విరామంలోనూ హనుమంతు టవలు చాటున తన కొలత టేపుతో ఎడమ మోకాలు కొలవాలి. మామూలు కొలత పదహారంగుళాలు. పదిహేడున్నర దాటితే, ఎవరు ఏమన్నా, ఆట అక్కడితో ఆఖరు. టెరెన్స్ తలూపాడు. అతను ఎడమ కాలు అసలు కదపకుండా ఆ పూట బంతిని బుట్టలోకి నిలబడే వేశాడు, కుడి కాలు పట్టుకుని రెండుసార్లు మొహం చిట్లించాడు. పై వరసలో ఫోను ఆ కుడి కాలి మీదికి వంగింది.

ఆదివారం హనుమంతు కట్టు చేత్తోనే కుట్టాడు. దూది కింద పొర కావలసి వచ్చింది. జేబులో ఉన్న పట్టీ సరిగ్గా సరిపోయింది. పేరు లోపలికి మడిచి కుట్టేశాడు.

ఆట మొదలయ్యే ముందు రిఫరీ వచ్చి కట్టును వేళ్లతో నొక్కాడు. లోపల గట్టివేమీ ఉండకూడదని రూలు. నొక్కాడు, మళ్లీ నొక్కాడు. హనుమంతు చేతిలో ఉన్న సూది బొటనవేల్లో దిగినా తెలియలేదు. రిఫరీ సరేనని వెళ్లిపోయాడు.

వైజాగ్ వాళ్లు అనుకున్నట్టే కుడి కాలి మీదికొచ్చారు. తోసిందల్లా కుడివైపే. పాపం, ఎంత కష్టపడి తోస్తే అంత గట్టి కాలి మీద నిలబడ్డాడు టెరెన్స్. మొదటి విరామంలో ఎడమది పదహారున్నర. సగం ఆటకు పదిహేడు. అతని పైపెదవి మీద చెమట చుక్కలు ఆటవల్ల వచ్చినవి కావని హనుమంతుకు తెలుసు. వాటిని నోటుబుక్కులో రాయడానికి కాలమ్ లేదు.

మూడో క్వార్టరు అయింది. మన జట్టు ఒక్క పాయింటు వెనక. హనుమంతు మోకాళ్ల మీద కూర్చుని టేపు చుట్టాడు. చూశాడు. విప్పి మళ్లీ చుట్టాడు. టైలరు చేతిలో అరంగుళం ఎప్పుడూ ఉంటుంది. బిగిస్తే తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది, ఇరవై ఆరేళ్లుగా ఎందరి పొట్టలనో ఆ అరంగుళంతోనే కాపాడాడు. పైన భావన, ఆమె వెనక చేతులు కట్టుకుని రిత్విక్. టెరెన్స్ కిందికి చూడటం లేదు, ఎదుటి గోడకేసి చూస్తున్నాడు, కుట్టేటప్పుడు చూడకుండా ఉంటే చాలన్న మనిషిలా.

హనుమంతు టేపు బిగించలేదు. ఉన్నది ఉన్నట్టే చెప్పాడు.

"పదిహేడున్నర. దాటలే మేడమ్."

భావన వంగి తనూ చూసింది. టేపు గీత మీదే ఉంది, ఇటూ లేదు అటూ లేదు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి టవలు కింద ఐసు పెడతాను, చివరి ఐదు నిమిషాలు ఆడనిస్తాను, ఎగరకూడదు అంది. రిత్విక్ గడియారం చూసుకున్నాడు. చివరి విజిల్ అన్నారు గాని, మధ్యలో విశ్రాంతి గురించి నాన్నగారేమీ అనలేదు కదా అని అతనే గొణుక్కున్నాడు.

ఆ ఐదు నిమిషాలు హనుమంతు ఆట చూడలేదు. కట్టు ఒక్కటే చూశాడు. దాని కొస ఊడుతున్నట్టు అనిపించింది. అది జారితే రహస్యమూ జారుతుంది. ఒకటిన్నర నిమిషం ఉందనగా ఒక వైజాగ్ ఆటగాడు నేరుగా ఆ తెల్లకట్టును గుద్దుకున్నాడు. స్టేడియం అంతా ఉసూరుమంది. టెరెన్స్ నిలబడే ఉన్నాడు. గుద్దినవాడే కిందపడి, లేచి, కట్టుకేసి అనుమానంగా చూశాడు. నలభై సెకన్లు ఉందనగా టెరెన్స్ ఎగరకుండా, అటకమీది డబ్బా అందుకున్నంత తాపీగా చెయ్యి చాపి బంతిని బుట్టలో పెట్టాడు. విజిల్ పడేసరికి మన జట్టు మూడు పాయింట్లు ముందుంది. అతను కోర్టులో ఉన్నాడు.

పక్కబెంచీ మీద కూలబడగానే భావన ఐసు సంచీ తెచ్చి ఎడమ మోకాలి మీద పెట్టింది. హనుమంతు కుడి కాలి కట్టు కుట్లు కత్తిరించి విప్పుతుంటే దూదిలోంచి పట్టీ జారి కిందపడింది. చెమటకు అక్షరాలు అలుక్కుపోయాయి. రిత్విక్ దాన్ని తీసి చూశాడు, హనుమంతును చూశాడు, నాలుగు మడతలు పెట్టి తన జేబులో వేసుకున్నాడు. మళ్లీ దాని ఊసెత్తలేదు. టెరెన్స్ హనుమంతు భుజం మీద చెయ్యేసి, "వన్ మోర్, అన్నా," అన్నాడు.

అంతలో వైజాగ్ జట్టు మేనేజరు ఫోను పట్టుకుని గబగబా వచ్చాడు. నిన్న తీసిన వీడియో అందులో ఆడుతోంది. ఐసు సంచీకేసి చూశాడు, విప్పిన కట్టుకేసి చూశాడు.

"ఏంటండీ ఇది? రెండు రోజుల్నుంచీ కట్టు చూస్తే కుడి కాలికి, ఇప్పుడు ఐసు చూస్తే ఎడమ కాలికా? ఈ సామాన్లకి బాధ్యులెవరండీ మీలో?"

హనుమంతు లేచి నిలబడి, నోటుబుక్కు తెరిచి, ఒక పేజీ మీద వేలు పెట్టి చూసుకుని, చాలా బాధపడుతూ చెప్పాడు:

"కంటిన్యుటీ తప్పింది సార్, ఇరవై ఆరేండ్ల సర్వీసుల గిదే మొదటిసారి."